మదరాసులో ‘మరో చరిత్ర’

సంచికా సంపాదకులు మన చరిత్రను గూర్చి యేమైనను వ్రాయుమని కోరిరి. నాయక రాజులను గూర్చియు, వలసలను గూర్చియు వ్రాయదగిన పండితులు మనలో గలరు. నేను ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, గుమాస్తా పని చేసి విరమించినవాడను. కావున నేను కన్నులార చూచిన చరిత్రనే, అనగా ఒక సినిమా సంగతినే, విన్నవించుకొనుచున్నాను.

1978వ సంవత్సరము మే నెలలో ‘మరో చరిత్ర’ విడుదలయినది. అప్పుడు నాకు పదునేడేండ్లు. విశాఖపట్టణమున ప్రక్కప్రక్క యిండ్లలో నున్న తమిళుల కుర్రవానికిని, తెలుగువారి పిల్లకును ప్రేమ కలుగుట, భాష యొకటి కాదు, తిండి యొకటి కాదు అని పెద్దలు కలహించుట, ఒక యేడు విడిగా నుండి చూడుడని షరతు పెట్టుట, ఇదియే కథ. దర్శకుడు కె. బాలచందర్ తమిళుడు. (ఆయనయు మొదట మదరాసు అకౌంటెంట్ జనరల్ కార్యాలయపు ఉద్యోగి యని తెలిసినప్పుడు మా గుమాస్తాలకెల్ల గర్వము కలిగెడిది.) సంగీతము కూర్చిన ఎం.ఎస్. విశ్వనాథన్ మలయాళీ. పాటలు మన ఆత్రేయవి, మాటలు గణేశ్ పాత్రోవి. నాయకుడు కమల్ హాసన్. నాయిక సరితకు అదియే తొలి చిత్రము. రంగుల చిత్రములు సర్వసామాన్యమయిన ఆ కాలములో ఇది నలుపు తెలుపు చిత్రమే. దానిని తమిళములోనికి మార్పక తెలుగుననే మదరాసులో ఆడించిరి.

ఇందలి విశేషము తెలియవలెనన్న ఆనాటి మా స్థితి కొంత చెప్పవలెను. మా యిల్లు చాకలిపేటలో నుండెను. గడప లోపల తెలుగు, గడప దాటినచో తమిళము. బడిలో నన్ను ‘గొల్టి’ యని పిలిచెడివారు. తెలుగు అను మాటను తిరగవేసి చేసిన యెగతాళి యది. బస్సులో మా అమ్మ బిగ్గరగా ‘ఒరేయ్, ఇటు రా’ అని పిలిచినచో నేను వినబడనట్లు కిటికీలోనుండి బయటకు చూచెడివాడను. ఆ పాపము ఇప్పటికిని నన్ను వదలలేదు. తెలుగు అక్షరములు నాకు రావు. నేర్వవలెనని తోచనును లేదు.

ఆ చిత్రమునకు నన్ను లాగుకొని పోయినవాడు మా ప్రక్కింటి తమిళ మిత్రుడు. మౌంటురోడ్డు మీద సఫైర్ అను టాకీసు. 1964లో కట్టిన ఆ యొక్క ఆవరణలోనే సఫైర్, ఎమరాల్డ్, బ్లూ డైమండ్ అను మూడు టాకీసు లుండెడివి. టిక్కెట్టు కిటికీ వద్ద వరుసలో నాకు ముందును వెనుకను వినబడినదంతయు తమిళమే. తెలుగు చిత్రమునకు వీరేల వచ్చిరా యని విస్తుపోతిని.

లోపల నేను మరింత విస్తుపోవలసి వచ్చినది. ఆ చిత్రపు మొదటి సగమంతయు అల్లరియు, పాటయు, సముద్రపు గాలియును. పదునాఱేండ్ల ప్రాయమునకు మ్రొక్కు చెల్లించునట్టి పాటను జానకి పాడినది. లిఫ్టు నడుమ ఆగిపోగా, కుర్రవాడు తెలుగు సినిమాల పేర్లనే పేర్చి పాట కట్టును. వానికి వచ్చిన తెలుగు అంతియే. సుశీల పాడిన పాటలో పిల్ల తెలుగున తన మనసు చెప్పుచుండ, వాడు అర్థము గాక తమిళమున మధ్యమధ్య ప్రశ్నించుచుండును. టాకీసంతయు ఘొల్లున నవ్వినది. నేను ఆ నవ్వునే విను చుంటిని. తెలుగు వచ్చినవానిని చూచి నవ్వుటయే అంతవరకు నేనెరుగుదును. తెలుగు రానివానిని చూచి, అందులోను తమిళులే ముద్దుగా నవ్వుట నా జీవితమున అదియే మొదటిసారి.

విశ్రాంతి సమయమున మా మిత్రుడు శనగలు తినుచు, ‘ఆ పాటలో తేటి అనునది యేమి? చెప్పుము’ అని యడిగెను. నాకు తెలియదు. తేట నీరు వంటిదేదో యని బొంకితిని. ఇంటికి వచ్చి రహస్యముగా అమ్మమ్మ నడుగగా ఆమె ముక్కున వ్రేలు వైచుకొని, ‘తేటి అంటే తుమ్మెదరా! ఆ మాత్రం తెలియకుండా ఎలా పెరిగావు?’ అన్నది.

మిత్రుడు పాటల నన్నిటిని తమిళ లిపిలో ఒక నోటు పుస్తకమున వ్రాసికొనెను. తమిళమున ‘క’కును ‘గ’కును ఒకటే అక్షరము, ‘త’కును ‘ద’కును ఒకటే. తెలుగువాడనైన నేను తెలుగు పాటను ఆ పుస్తకము చూచియే నేర్చితిని. వంటింటి గుమ్మమున కూర్చుండి పాడుచుండగా అమ్మమ్మ విని, నా ఉచ్చారణకు కడుపుబ్బ నవ్వి, మరునాడు పెట్టె అడుగునుండి చినిగిన పెద్దబాలశిక్ష తీసి నా ముందు వైచినది. ఆ వేసవి కడపటికి నేను అక్షరములు కూడబలుకుకొని చదువగల వాడనైతిని.

అమ్మమ్మయు చూచెదనన్నది. తీసికొని పోతిని. మొదటి సగమున ఆమె నవ్విన నవ్వు నేను మరువలేను. కడపట ఆ పిల్లలిద్దరును చనిపోవుదురు. ఆమె దారి పొడుగునను మాటాడలేదు. ఇల్లు చేరిన పిదప, ‘చంపకపోతే వాళ్ళ సొమ్మేం పోయింది?’ అని మాత్రమన్నది. అటు తర్వాత నేను మూడు పర్యాయములు చూచితిని గాని, మూడుసారులును చివరకు ముందే లేచి వచ్చితిని. మా అక్కను మాత్రము పెద్దలు ఆ చిత్రమునకు పంపనేలేదు. ప్రక్కింటిలో తమిళ కుర్రవా డుండుటయే కారణమని ఆమె యిప్పటికిని నవ్వుచు చెప్పును.

సఫైరులో ఆ చిత్రము 596 రోజు లాడెను. బెంగుళూరు కల్పనా టాకీసులో దాదాపు రెండేండ్లు ఆడినదట. అచ్చటి మన బంధువులు ఉత్తరములలో గొప్పగా వ్రాసెడివారు. 1981లో ఎల్.వి. ప్రసాద్ గారు ఈ కథనే బాలచందర్ చేత హిందీలో ‘ఏక్ దూజే కే లియే’ అని తీయించిరి. దేశమంతయు మెచ్చినది. బాలసుబ్రహ్మణ్యమునకు జాతీయ పురస్కారము వచ్చినది. నాకును నచ్చినది కాని అందు తమిళ కుర్రవాడు మిగిలెను, తెలుగు పిల్ల మాయమయినది. 2010లో ‘మరో చరిత్ర’ పేరుతోనే తెలుగున మరల తీసిరి. నా మనుమలతో పోయి చూచితిని. దానిని గూర్చి చెప్పవలసినది లేదు.

ఆత్రేయ 1989లోను, బాలచందర్ 2014లోను, విశ్వనాథన్ 2015లోను, బాలసుబ్రహ్మణ్యము 2020లోను గతించిరి. సఫైర్ భవనమును కూలగొట్టి చాల కాలమయినది. మౌంటురోడ్డు పేరును అన్నాశాలై యయినది. మా మిత్రుడు మాత్రము ఆ నోటు పుస్తకమును దాచియుంచెను. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు దానిని తెచ్చి, తన మనుమరాలి చేత సుశీల పాటను పాడించెను. ఆ పిల్ల ‘తేటి’ యను మాట వద్ద ఆగి నా వంక చూచినది. ‘తుమ్మెదమ్మా’ అంటిని.