శీతాకాలంలో గృహ విద్యుత్తు పొదుపు

శీతాకాలంలో గృహ విద్యుత్తు పొదుపు అనగా చలి నెలలలో ఇంటి అవసరాలకు లోటు రాకుండా విద్యుత్తు వాడకాన్ని, తద్వారా నెలవారీ బిల్లును తగ్గించుకొనుట. శీతల దేశాలలో ఇంటి శక్తి వినియోగంలో పెద్ద భాగం గదులను వెచ్చబరచుటకే ఖర్చవుతుంది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో పరిస్థితి వేరు. లంబసింగి, అరకు లోయ, ఆదిలాబాదు వంటి చలి ప్రాంతాలను మినహాయిస్తే గదిని వెచ్చబరచవలసిన అవసరం అరుదు. ఇక్కడ చలికాలంలో ఫ్యాన్లు, కూలర్ల వాడకం తగ్గినా, స్నానానికి నీరు కాచుటకు అయ్యే విద్యుత్తు పెరుగుతుంది. కావున ఈ ప్రాంతాలలో శీతాకాలపు పొదుపు ముఖ్యంగా వేడి నీటికి సంబంధించినది.

నీటిని కాచుటకు అయ్యే విద్యుత్తు

ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను ఒక సెల్సియస్ డిగ్రీ పెంచుటకు సుమారు 4.19 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. ఒక యూనిట్ విద్యుత్తు, అనగా ఒక కిలోవాట్ గంట, 3,600 కిలోజౌళ్లకు సమానం. 20 డిగ్రీల చల్లని నీటిని 40 డిగ్రీలకు వేడి చేస్తే, 20 లీటర్ల బకెట్ ఒకటికి సుమారు 0.47 యూనిట్ ఖర్చవుతుంది. నలుగురు సభ్యులున్న కుటుంబంలో ఒక్కొక్కరు రోజుకు ఒక బకెట్ చొప్పున వాడితే 30 రోజులకు సుమారు 56 యూనిట్లు అవుతాయి.

తక్కువ వాట్ల గీజరు తక్కువ విద్యుత్తు వాడుతుందనే అభిప్రాయం సరి కాదు. పై బకెట్ నీటిని 2 కిలోవాట్ల గీజరు సుమారు 14 నిమిషాలలోను, 3 కిలోవాట్ల గీజరు సుమారు 9 నిమిషాలలోను కాచుతుంది. రెండింటికీ అయ్యే యూనిట్లు దాదాపు సమానం. ఖర్చును నిర్ణయించేవి నీటి పరిమాణం, పెంచిన డిగ్రీలు, వృథాగా పోయే వేడి.

బిల్లుపై ప్రభావం

గృహ విద్యుత్తు ధరలు శ్లాబుల వారీగా ఉంటాయి. తెలంగాణలో 2022-23 ధరల ప్రకారం నెలకు 100 యూనిట్లు దాటి 200 యూనిట్ల లోపు వాడిన ఇంటికి మొదటి 100 యూనిట్లకు రూ. 3.40, తరువాతి వాటికి రూ. 4.80 చొప్పున నిర్ణయించారు. వాడకం 200 దాటితే మొదటి యూనిట్ నుండే రూ. 5.10 చొప్పున, 201 నుండి 300 వరకు రూ. 7.70 చొప్పున లెక్కిస్తారు.

ఉదాహరణకు, ఇతర అవసరాలకు 150 యూనిట్లు వాడే ఇంట్లో వేడి నీటికి 56 యూనిట్లు కలిస్తే మొత్తం 206 యూనిట్లు, వాటి ధర రూ. 1,066.20. అదే ఇంట్లో ఒక్కొక్కరు 20 లీటర్లకు బదులు 15 లీటర్ల వేడి నీరు వాడితే మొత్తం 192 యూనిట్లకు తగ్గి, ధర రూ. 781.60 అవుతుంది. 14 యూనిట్ల పొదుపుతో రూ. 284.60 మిగులుతుంది. స్థిర ఛార్జీలు, విద్యుత్ సుంకం వీటికి అదనం.

తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రారంభించిన గృహజ్యోతి పథకంలోనూ ఉచిత విద్యుత్తుకు నెలకు 200 యూనిట్ల పరిమితి పెట్టారు. ఆంధ్ర ప్రదేశ్‌లో 2022-23 ధరలలో ఏ శ్లాబులోని యూనిట్లకు ఆ శ్లాబు ధరే వర్తించేలా మార్చారు. వాటి ప్రకారం 126 నుండి 225 వరకు యూనిట్‌కు రూ. 6.00, 226 నుండి 400 వరకు రూ. 8.75.

పొదుపు మార్గాలు

* స్నానానికి కొద్దిసేపటి ముందు గీజరు వేసి, నీరు కాగిన వెంటనే ఆపివేయాలి. రోజంతా వేసి ఉంచితే ట్యాంకు గోడల గుండా పోయే వేడిని భర్తీ చేయుటకు అది మళ్లీ మళ్లీ విద్యుత్తు తీసుకుంటుంది.
* కుటుంబ సభ్యులు ఒకరి వెంట ఒకరు స్నానం చేస్తే కాగిన నీరు చల్లారకముందే వినియోగమవుతుంది.
* నిల్వ గీజర్లకు బీఈఈ నక్షత్రాల గుర్తును ఈ వేడి నష్టం ఆధారంగానే ఇస్తారు. ఎక్కువ నక్షత్రాలున్న గీజరులో నష్టం తక్కువ.
* గీజరును స్నానపు గదికి దగ్గరగా అమర్చాలి. గొట్టం పొడవు పెరిగే కొద్దీ అందులో నిలిచి చల్లారిపోయే నీరు పెరుగుతుంది.
* బోరు నీటిలోని లవణాలు కాయిల్‌పై పొరగా పేరుకుంటాయి. దీనివలన కాయిల్ త్వరగా కాలిపోవచ్చు. కాబట్టి అప్పుడప్పుడు శుభ్రం చేయించాలి.
* సౌర నీటి హీటరు 100 లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కిస్తే రోజుకు సుమారు మూడున్నర యూనిట్లు ఆదా అవుతాయి. మన దేశంలో దీని పలకలను దక్షిణ దిశకు అభిముఖంగా, నీడ పడని చోట అమర్చాలి.
* 1.5 కిలోవాట్ల రూమ్ హీటరును రోజుకు 4 గంటలు నిరంతరంగా వాడితే నెలకు 180 యూనిట్లు అవుతాయి. చలిగాలి వచ్చే సందులు మూసి, కంబళ్లు, రగ్గులు వాడుట చౌకైన మార్గం.

జాగ్రత్తలు

పొదుపు కోసం ఎంచుకునే కొన్ని పద్ధతులు ప్రాణాంతకం కాగలవు. నీటిని కాచే హీటరు కడ్డీని మొదట నీటిలో ఉంచి, ఆ తరువాతే స్విచ్ వేయాలి. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే నీటిని ముట్టుకోవాలి. ఇనుప బకెట్లను వాడరాదు. ఇంటికి సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండుట అవసరం.

గ్యాస్ గీజరు విద్యుత్తును ఆదా చేసినా, గాలి ఆడని స్నానపు గదిలో అది కార్బన్ మోనాక్సైడును విడుదల చేయగలదు. ఈ విషవాయువుకు రంగు, వాసన లేవు. బాధితుడు ప్రమాదాన్ని గుర్తించకముందే స్పృహ కోల్పోవచ్చు. గ్యాస్ గీజరును గది వెలుపల అమర్చుట మేలు. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట కూడా ఇదే కారణంగా ప్రమాదకరం.

ఇవి కూడా చూడండి

* విద్యుత్తు
* విశిష్టోష్ణం
* సౌరశక్తి
* కార్బన్ మోనాక్సైడ్