పిండం ఊపిరితిత్తులు – హార్మోన్లు

గర్భంలో బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవమే ఉంటుంది. పుట్టాక గాలిగదులు ముడుచుకుపోకుండా ఆపేది సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పూత. ఇది సుమారు 24వ వారం నుంచి తయారవుతున్నా, చాలినంత ఊరేది 34, 35 వారాలకే. ఈ పని వేగిరపరిచేది ప్రధానంగా కార్టిసాల్. థైరాయిడ్ హార్మోన్ తోడవుతుంది. పురుష హార్మోన్లు మాత్రం ఆలస్యం చేస్తాయి. నెల తక్కువ బిడ్డల్లో మగపిల్లలే ఎక్కువగా ఇబ్బంది పడటానికి ఇదొక కారణం. తల్లి మధుమేహం అదుపు తప్పితే పిండంలో పెరిగే ఇన్సులిన్ కూడా అడ్డుతగులుతుంది.

పూత చాలని బిడ్డ డొక్కలెగరేస్తూ, ప్రతి ఊపిరికీ మూలుగుతుంది. న్యూజిలాండ్ వైద్యుడు లిగిన్స్ గొర్రెలపై పరిశోధిస్తూ దీనికి దారి కనిపెట్టాడు: నెలలు నిండక పుట్టిన గొర్రెపిల్ల, కార్టిసాల్ వంటి స్టెరాయిడ్ అందినందువల్ల, అనుకున్నదానికి భిన్నంగా ఊపిరి తీసింది! తర్వాత సహ వైద్యుడు హౌవీతో కలిసి 282 మంది తల్లులపై చేసిన స్టెరాయిడ్ పరీక్ష ఫలితాలను 1972లో ప్రచురించాడు.

భారత ప్రభుత్వ 2014 మార్గదర్శకాల ప్రకారం 24–34 వారాల మధ్య నొప్పులొస్తే తల్లికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 6 మి.గ్రా. చొప్పున, 12 గంటలకొకటిగా నాలుగు ఇంజెక్షన్లు ఇవ్వాలి. మొదటిది గ్రామ ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) కూడా ఇవ్వవచ్చు. విశాఖపట్నంలోని కంచరపాలెం వారికి పెద్దాసుపత్రి కేజీహెచ్ దగ్గరే; దూరపు ఏజెన్సీ (గిరిజన ప్రాంత) గ్రామాలకు మాత్రం ఆ తొలి సూదే కీలకం.

పుట్టుకతో వచ్చే లోపాల సంగతి వేరు. ఉదరవితానంలో రంధ్రం ఉంటే పేగులు ఛాతీలోకి ఎగబాకి ఊపిరితిత్తిని ఎదగనివ్వవు. ఆ కొరతను స్టెరాయిడ్ పూడ్చలేదు.