నోట్లో నిప్పు

పొగాకు మన గడ్డ మీద పుట్టిన మొక్క కాదు. పోర్చుగీసువారు తెచ్చారు. వచ్చినదాన్ని మనవాళ్లు ఎన్ని రకాలుగా వాడారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అందులో అన్నిటికంటే వింతైనది ఉత్తరాంధ్ర అడ్డపొగ.

శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పల్లెల్లో చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదవులు మూసి కాలుస్తారు. మగవాళ్లూ ఉన్నారు గానీ, ఇది ముఖ్యంగా ఆడవాళ్ల అలవాటు. ఎందుకమ్మా అంటే, గాలికీ తడికీ చుట్ట ఆరదు, చేతులు ఖాళీగా ఉంటాయి, ఒక చుట్ట చాలాసేపు వస్తుంది అంటారు. నాట్లు వేసే మనిషికి అది చిన్న సౌకర్యమా! తల్లిని చూసి కూతురు నేర్చుకుంది. తప్పని చెప్పేవారెవరు?

చెప్పింది అంగిలి. 1945లోనే ఖానోల్కర్, సూర్యాబాయి అనే శాస్త్రజ్ఞులు ఈ చుట్ట క్యాన్సర్‌ని గురించి రాశారు. మామూలుగా పొగ తాగేవాళ్లకి గట్టి అంగిలి మీద క్యాన్సర్ రావడం అరుదు. ఇక్కడ వేడీ పొగా తిన్నగా అక్కడే తగులుతాయి. నోట్లో వేడి 120 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోతుందట! ముందు అంగిలి తెల్లబడుతుంది, ఎర్రటి మచ్చలొస్తాయి, పుళ్లు పడతాయి. 1971లో అచ్చయిన ఒక పరిశోధనలో శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించారు. నూటికి 43 మందికి పైగా అడ్డపొగ వాళ్లే.

ఆ తర్వాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లకి మానమని నచ్చజెప్పి చూశారు. ఫలితాలు 1986లో వచ్చాయి. ఊరికే వదిలేసిన వాళ్లకంటే చెప్పించుకున్నవాళ్లే ఎక్కువమంది మానారు, వాళ్ల నోళ్లలో తెల్లమచ్చలూ తగ్గాయి. మన పల్లె ఆడవాళ్లు మాట వినరని ఎవరన్నారండీ?

మరి నిప్పు తీసేస్తే సరిపోతుందా? ఆ ప్రశ్న ఇప్పుడు వేరే దారిన వచ్చింది. 2003 ప్రాంతంలో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ సిగరెట్టు చేశాడు. అందులో ఆకు కాలదు, బూడిద లేదు. ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది, అంతే. సిగరెట్టు పొగలో ఉండే తారు అందులో ఉండదు, ఒప్పుకుంటాను. కాని చాలావాటిలో నికోటిన్ మాత్రం ఉంటుంది. మన దేశంలో 2019లో వీటి తయారీ, అమ్మకం నిషేధించారు. అయినా పట్నాల్లో కుర్రాళ్ల జేబుల్లో కనిపిస్తూనే ఉన్నాయి.

వీటితో నోరు ఎండుతుంది. లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పుచ్చుతాయి. ఇంకో సంగతి. చిగుళ్లకి జబ్బు చేస్తే పళ్లు తోముకునేటప్పుడు రక్తం కనబడాలి కదా! నికోటిన్ రక్తనాళాల్ని బిగించేస్తుంది, ఆ రక్తం సరిగా కారదు. చిగురు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పన్ను వదులవుతూ ఉంటుంది.