అవమానం నుంచి నీతికి

ఆవేశం వివేకానికి శత్రువని శతకాల కాలం నుంచీ వింటున్నాం. అందులో సగమే నిజం. మిగిలిన సగం మా చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతపు చరిత్రలో దొరుకుతుంది.

1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధిని థియేటరులో కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా కొందరు ఎగతాళి చేశారు. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. 1922లో దాని తొలి సభకు అధ్యక్షత వహించిన కొండా వెంకటరంగారెడ్డిది మొయినాబాదు దగ్గరి పెదమంగళారం.

నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువారేనన్న లెక్క అప్పటికే అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ కదలలేదు. ఎగతాళి తగిలాక కదిలారు. ఆలోచించవలసిన విషయమేదో ఆ నొప్పే చూపించింది.

అయితే గాయపడ్డ ప్రతివాడూ నీతిమంతుడు కాడు. ఆ రోషం మరాఠీలపై ద్వేషంగా గడ్డకట్టి ఉండవచ్చు. జనసంఘం దాన్ని గ్రంథాలయాల వైపు, పాఠశాలల వైపు మళ్లించింది. వెట్టిచాకిరి మీద చిన్న పుస్తకం అచ్చువేసింది. తమ భాషకు జరిగిన అవమానాన్ని తలచుకున్నవారు, దొర గడిలో నోరెత్తలేని చాకలి, మంగలి, మాదిగల అవమానాన్ని కూడా లెక్కలోకి తెచ్చుకున్నారు. ఉద్వేగం నీతిగా మారింది ఇక్కడే.

ఆ మార్పుకు హద్దులున్నాయి. సంఘం పెద్దల్లో చాలామంది చదువుకున్నవారు, ఉన్నవారు. వెట్టి వారు చూసిన బాధే గాని పడ్డ బాధ కాదు. కనుకనే ఏళ్ల తరబడి తీర్మానాలతో, వినతులతో సరిపెట్టారు. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభగా ఎదిగిన ఈ సంస్థ, 1944 భువనగిరి సభలో సభ్యత్వ రుసుమును ఒక్క అణాకు తగ్గించింది. పేదరైతులూ కూలీలూ లోపలికి వచ్చారు, మితవాదులు వేరుపడ్డారు. జాలిపడేవాడి తొందర వేరు, బాధపడేవాడి తొందర వేరు అని తేలిపోయింది.

కరుణరసం పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులను నేనడిగే ప్రశ్న ఒకటే: ఏడుస్తున్నదెవరు, చూస్తున్నదెవరు? మన కథల్లో పేదవాడి కన్నీటికి కరువు లేదు. పాఠకుడు కళ్లు తుడుచుకుని పుస్తకం మూసేస్తున్నాడు. ఆ కన్నీటిలో తన వాటా ఎంతో అతడు లెక్కవేసుకునేలా రాయగలిగినప్పుడే మన కరుణకు విలువ.