కుక్కల క్యాన్సర్: చికిత్స నిర్ణయం

కుక్కకు క్యాన్సర్ అని తేలాక పూర్తి చికిత్స చేయించాలా, నొప్పి తెలియకుండా సాకితే చాలా అన్నది కణితి రకాన్ని బట్టి తేలవలసిన విషయం కనుక, గడ్డలోంచి సూదితో కణాలు తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించడం మొదటి మెట్టు. తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాల్లో స్వేచ్ఛగా తిరిగే కుక్కలకు జతకట్టినప్పుడు అంటుకునే జననాంగ కణితి, కాలీఫ్లవర్‌లా విచ్చి నెత్తురు కారుతూ చూసేవారిని భయపెట్టినా, వారానికోసారి నరంలోకి ఎక్కించే విన్‌క్రిస్టిన్ అనే మందుతో సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో కరిగిపోతుంది. దాన్ని చూసి ఆశ వదులుకోవడం పెద్ద పొరపాటు. శోషరస గ్రంథులకు వచ్చే లింఫోమా అంత తేలిగ్గా లొంగదు. పలు మందులు కలిపి ఇచ్చే కీమోథెరపీతో చాలా కుక్కలు సుమారు ఏడాది హాయిగా బతుకుతాయి గానీ, పూర్తిగా నయం కావడం అరుదు. ముందే స్టీరాయిడ్లు వాడితే ఆ మందులు సరిగా పనిచేయకపోవచ్చు. ఈ పట్టణాలకు దగ్గరి పశువైద్య కళాశాల గన్నవరంలో ఉంది; ఏ మందూ మొదలుపెట్టక ముందే కుక్కను అక్కడ చూపించడం మేలు.