ఓనమాల నుంచి సొంత వాక్యం దాకా

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ బడుల లెక్క తీయమని కలెక్టర్లకు ఉత్తర్వు పంపాడు. మరుసటి ఏడు ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ రాసిన జవాబు మన బడి చరిత్రకు దొరికిన గొప్ప ఆధారాల్లో ఒకటి. అంతకుముందే తెలుగు వ్యాకరణం రాసిన మనిషి కావడంతో అతడు అంకెలతో సరిపెట్టలేదు, బడిలో పిల్లలు ఏం చేస్తున్నారో కూడా చెప్పాడు. జిల్లాలో 533 బడులు, అందులో తెలుగు నేర్పేవి 226. పిల్లలు 6,641 మంది. వాళ్ళలో ఆడపిల్లలు 60 మందే. అక్షరం ఎన్ని ఇళ్ళ గడప తొక్కలేదో ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

వీధిబడిలో చదువు రాతతోనే మొదలయ్యేది. ముందు ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతూ పైకి పలకాలి. తర్వాత పలకా బలపం, గుడ్డకు గంజీ మసీ పట్టించి మడతపెట్టిన కడితం, ఆపైన తాటాకూ గంటమూ. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళ చేత దిద్దించేవారు. ఈ ఇసుకరాతను మద్రాసులో చూసిన ఆండ్రూ బెల్ తన ఎగ్మూరు అనాథ బాలుర బడిలో దాన్ని ప్రవేశపెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా పేరుపడింది.

పిల్లలు తమకు అర్థంకాని భాషలో పద్యాలు వల్లె వేస్తున్నారని క్యాంప్‌బెల్ బాధపడ్డాడు. అది నిజమే. అయితే అదే నివేదికలో, పై చదువుకు వచ్చిన పిల్లలు ఉత్తరాలు, అర్జీలు, లెక్కలు నేర్చుకుంటున్నారని కూడా ఉంది. నేను ఎక్కువగా ఆలోచించేది ఈ రెండో మాట గురించే. ఉత్తరానికి అవతల ఒక మనిషి ఉంటాడు. అర్జీకి జవాబు రావాలి. రాసింది ఎవరికో చేరాలన్న ఎరుకతో ఆ కుర్రవాడు గంటం పట్టాడు. తర్వాతి బడి పోగొట్టుకున్నది ఆ ఎరుకనే.

పోగొట్టుకోవడం గ్రాంట్లతో మొదలైంది. 1860ల తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి చదువు, రాత, లెక్కలు పరీక్షించడం, ఎందరు నెగ్గితే అంత సొమ్ము ఇవ్వడం ఆచారమైంది. ఒక్క పూటలో పరీక్షించగలిగినదే రాత అనిపించుకుంది. అంటే చూచిరాత, ఉక్తలేఖనం, గుండ్రటి దస్తూరి. వీటిని తక్కువ చేయను. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాలు ఉన్న మన లిపి చేతికి లొంగాలంటే సాధన కావాలి. రాతకు ముందు బొమ్మలు గీయడం నేర్పాలని గాంధీ ఆత్మకథలో చెప్పింది ఈ సాధన గురించే. కానీ చేతికి నేర్పడంతోనే పని అయిపోయిందనుకున్నాం.

ఇరవయ్యో శతాబ్దం వస్తూనే అసలు ప్రశ్న తలెత్తింది. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా బడులు తనిఖీ చేస్తున్న జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమేమిటని ఆరా తీశాడు. గిడుగు రామమూర్తి, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్లు ఆ ప్రశ్నను వదలలేదు. ఆధునిక భాషలో వ్యాసం రాయవచ్చని స్కూల్ ఫైనల్ విద్యార్థులకు దొరికిన అనుమతి పండితుల నిరసనతో కొద్ది ఏళ్ళలోనే వెనక్కి పోయింది. ఈ వివాదాన్ని మనం సాహిత్య చరిత్రలో పెట్టి చదువుతాం. నా దృష్టిలో అది ముందుగా ప్రాథమిక పాఠశాల సమస్య. నోటిలో ఉన్న మాటను కాగితం మీద పెట్టకూడదంటే ఎనిమిదేళ్ళ పిల్లకు రాయడానికి ఏం మిగులుతుంది? పర్లాకిమిడిలో పంతులు పని చేసిన గిడుగుకు ఇది తెలుసు. కొండల్లోని సవరల భాష తాను నేర్చుకుని, వాళ్ళకు బడి పెట్టి, సవరలో వాచకాలు తయారుచేసిన మనిషాయన.

నైజాంలో కష్టం ఇంకా ముదిరింది. అక్కడ బడి భాషే ఉర్దూ. ప్రాథమిక విద్య మాతృభాషలో ఉండాలన్నది ఆంధ్ర మహాసభ కోర్కెల్లో ఒకటైంది.

బడి ఇవ్వని పాఠకుణ్ణి బడి బయట పత్రికలు ఇచ్చాయి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు 1945లో పెట్టిన ‘బాల’లోనే ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ అచ్చయింది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్ళు. పేరు అచ్చులో చూసుకున్న పిల్లవాడు మళ్ళీ కలం పట్టకుండా ఉండలేడు.

1980ల నడుమ బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం పిల్లల రాతలను, బొమ్మలను తరగతి గోడల మీదికి తెచ్చింది. చిన్న మార్పులా కనిపించినా నాకది ఎంతో విలువైనది. తోటి పిల్లలు నిలబడి చదివితే తప్పు రాసినవాడు తానే దిద్దుకుంటాడు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన వాచకాల్లో ‘స్వీయరచన’ ఒక సామర్థ్యంగా నిలబడింది. వెంటనే గైడ్లు వచ్చాయి. ‘సొంతమాటల్లో రాయండి’ అన్న ప్రశ్నకు అచ్చేసిన జవాబు బల్లమీదికెక్కి, అక్కడి నుంచి ముప్పై నోటుబుక్కుల్లోకి ఒకే వాక్యాలుగా దిగింది. టీచర్లనే నిందించడం అన్యాయం. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసే బడిలో ప్రతి పిల్ల రాసిందీ చదివే తీరిక ఎక్కడిది? అయినా తీరిక చేసుకున్నవాళ్ళున్నారు. అనంతపురం జిల్లాలో టింబక్టు ప్రకృతి బడి నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ మాసపత్రిక పిల్లల కథలను, బొమ్మలను వేసుకుంటూ వచ్చింది.

వ్యవహారికం గెలిచిందంటాం గానీ, కరీంనగర్ పిల్ల ‘పోయిండు’ అని రాస్తే ఎర్ర సిరా పడిన నోటుబుక్కులు నేను చూశాను. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల్లో వాచకాలు తెలుగు లిపిలో తెచ్చింది. గిడుగు పని ప్రభుత్వం చేతికి రావడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. పుస్తకం ఉన్నా, పిల్ల సవరలో రాసిన వాక్యాన్ని చదవగలిగే మనిషి తరగతిలో లేకపోతే అది ఉన్నచోటే ఆగిపోతుంది. ఏజెన్సీ బడులకు టీచర్లను వేసేటప్పుడు ముందు అడగవలసింది ఆ భాష వచ్చా అని.