అదుపులోకి రాని ఉబ్బసం: చికిత్సా మార్గాలు, బస్తర్ పరిస్థితులు

జగదల్‌పూర్: ఉబ్బసాన్ని సమూలంగా తొలగించే మందు లేదు. అయితే క్రమబద్ధమైన చికిత్సతో అత్యధికులు సాధారణ జీవితం గడపవచ్చు. ప్రపంచ వ్యాధి భారం అధ్యయనం 2019 అంచనాల ప్రకారం భారతదేశంలో సుమారు 3.4 కోట్ల మంది ఉబ్బసంతో బాధపడుతున్నారు. ప్రపంచ ఉబ్బస భారంలో మన దేశం వాటా దాదాపు 13 శాతం కాగా, ఉబ్బస మరణాల్లో 40 శాతానికి పైగా ఇక్కడే సంభవిస్తున్నాయి. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, పీల్చే స్టెరాయిడ్ మందులను తగినంతగా వాడకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు.

ఏడు జిల్లాల బస్తర్ డివిజన్‌లో ఈ సమస్యకు దూరం కూడా తోడవుతున్నది. అటవీ గ్రామాల నుంచి ఆసుపత్రికి చేరేందుకు గంటల సమయం పట్టవచ్చు. సుక్మా జిల్లా కుంట, బీజాపూర్ జిల్లా భోపాలపట్నం ప్రాంతాల తెలుగు, దోర్లా ప్రజలు పలువురు వైద్యం కోసం సరిహద్దు దాటి భద్రాచలం వంటి పట్టణాలకు వస్తుంటారు. అందువల్ల ఆయాసం ముదిరిన తరువాత పరుగెత్తడం కంటే, ముదరకుండా చూసుకోవడమే ఇక్కడ ప్రాణరక్షణ.

అదుపు తప్పినట్లు గుర్తించడం

గడచిన నాలుగు వారాలకు సంబంధించి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. పగటిపూట లక్షణాలు వారానికి రెండుసార్లకు మించి కనిపించాయా? ఉబ్బసం వల్ల రాత్రి నిద్ర లేచారా? ఉపశమన ఇన్‌హేలర్‌ను వారానికి రెండుసార్లకు మించి వాడవలసి వచ్చిందా? పనులకు ఆటంకం కలిగిందా? మూడు లేదా నాలుగింటికి ‘అవును’ అనే సమాధానం వస్తే వ్యాధి అదుపులో లేనట్లే. ఒకటి రెండు అయితే పాక్షికంగా అదుపులో ఉన్నట్లు.

మందు పెంచే ముందు

అదుపు తప్పిన ప్రతి కేసులోనూ మందు విఫలమైనట్లు భావించరాదు. ఇన్‌హేలర్‌ను సరిగా పీల్చకపోవడం, కాస్త కుదుటపడగానే మానివేయడం తరచుగా కనిపించే లోపాలు. స్ప్రే రకమైతే బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూనే నెమ్మదిగా, లోతుగా పీల్చి, సుమారు 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. పొడి మందు రకాన్ని మాత్రం వేగంగా, బలంగా పీల్చాలి. స్టెరాయిడ్ పీల్చిన తరువాత నోరు పుక్కిలించాలి. స్ప్రేతో పాటు స్పేసర్ వాడితే మందు ఊపిరితిత్తులకు ఎక్కువగా చేరుతుంది. కొన్న స్పేసర్ లేనప్పుడు, అడుగున రంధ్రం చేసి ఇన్‌హేలర్‌ను గట్టిగా అమర్చిన 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా కూడా పనిచేస్తుందని 1999లో దక్షిణాఫ్రికాలో పిల్లలపై జరిగిన పరిశోధన చూపింది.

రోగ నిర్ధారణను కూడా మరొకసారి సరిచూడాలి. రెండు వారాలకు మించిన దగ్గుకు క్షయ పరీక్ష తప్పనిసరి. బోదకాలు వ్యాపించిన ప్రాంతాల్లో ఆ క్రిముల వల్ల ఉబ్బసాన్ని పోలిన దగ్గు, ఆయాసం రావచ్చు. దానికి చికిత్స వేరు. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారు ఆ విషయాన్ని వైద్యునికి ముందే తెలియజేయాలి. వారికి స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు ఇవ్వడంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం.

పొగ మరొక ముఖ్య కారణం. కట్టెల పొయ్యి, బీడీతో పాటు, ఇప్పపూల కాలంలో చెట్ల కింద ఎండుటాకులు తగులబెట్టే అలవాటు కూడా ఆయాసాన్ని రేపగలదు. ఆకులను ఊడ్చి పక్కకు చేర్చడం లేదా చెట్టు కింద వల పరచి పూలు సేకరించడం మేలైన పద్ధతులు.

చికిత్సా సోపానాలు

ఉపశమనమిచ్చే సాల్బుటమాల్ శ్వాసనాళాలను తాత్కాలికంగా తెరుస్తుందే తప్ప లోపలి వాపును తగ్గించదు. దానిపైనే ఆధారపడటం ప్రమాదకరమని, పెద్దలు, కౌమారులందరికీ పీల్చే స్టెరాయిడ్ కలిగిన చికిత్స అవసరమని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శక సంస్థ ‘గినా’ 2019 నుంచి స్పష్టం చేస్తున్నది. బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఒకే ఇన్‌హేలర్‌ను ప్రతిదినం క్రమంగా, ఆయాసం వచ్చినప్పుడు అదనంగా వాడే పద్ధతికి ఆ సంస్థ ప్రాధాన్యమిస్తున్నది. ఈ మిశ్రమం భారత జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నది.

అప్పటికీ అదుపు కాకపోతే వైద్యులు మోతాదు పెంచుతారు, లేదా టయోట్రోపియం వంటి మందును జోడిస్తారు. మాంటెలుకాస్ట్ మాత్ర కొందరికి ఉపకరిస్తుంది. అయితే అది మానసిక మార్పులు కలిగించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. స్టెరాయిడ్ మాత్రలు తీవ్ర దాడి సమయంలో కొద్ది రోజులపాటు అవసరం. నెలల తరబడి వాడితే మధుమేహం, ఎముకల బలహీనత, కంటిలో శుక్లాలు వచ్చే ప్రమాదం ఉన్నది.

ఇవన్నీ సక్రమంగా వాడినా లొంగని ఉబ్బసమే ‘తీవ్ర ఉబ్బసం’. రోగుల్లో ఇది స్వల్ప శాతమే. వీరికి రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు, అలర్జీ పరీక్షలను బట్టి ఓమాలిజుమాబ్, మెపోలిజుమాబ్ వంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఇవి ఖరీదైనవి, నిపుణుల పర్యవేక్షణలోనే వాడదగినవి.

ఎక్కడికి వెళ్ళాలి

గ్రామాల్లో మితానిన్ కార్యకర్తలు, వారపు సంతల్లో నిర్వహించే హాట్ బజార్ క్లినిక్‌లు తొలి సంప్రదింపు కేంద్రాలు. జగదల్‌పూర్‌లో బలిరాం కశ్యప్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. సంక్లిష్ట కేసులకు సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పూర్ ఎయిమ్స్‌లో ఊపిరితిత్తుల విభాగం ఉన్నది. జన ఔషధి కేంద్రాల్లో మందులు తక్కువ ధరకు లభిస్తాయి. హైదరాబాద్‌లో మృగశిర కార్తె నాడు పంచే చేప ప్రసాదానికి పలు రాష్ట్రాల నుంచి జనం వస్తారు. దాని ప్రభావానికి శాస్త్రీయ నిరూపణ లేదు. దానిని నమ్మి ఇన్‌హేలర్ మానరాదు.

అత్యవసర సూచనలు

ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోవడం, పెదవులు నీలిబారడం, మగతగా ఉండటం, ఉపశమన మందుకు లొంగకపోవడం ప్రాణాపాయ సూచనలు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. వాహనం వచ్చేలోగా రోగిని కూర్చోబెట్టి, స్పేసర్‌తో సాల్బుటమాల్ 4 నుంచి 10 మోతాదులు, ఒక్కొక్కటిగా ఇవ్వాలి. తగ్గకపోతే తొలి గంటలో ప్రతి 20 నిమిషాలకు ఇదే విధంగా కొనసాగించవచ్చు. ఆసుపత్రి దూరంగా ఉన్నవారు ఏ దశలో ఏ మందు వాడాలో, ఎప్పుడు బయలుదేరాలో వైద్యునితో ముందే రాయించుకొని ఇంట్లో అందరికీ తెలిసేలా ఉంచుకోవాలి.